అవతలి ఒడ్డు లేని స్టేషన్

(బాబాయి రైల్వేలో పట్టాల విభాగంలో పనిచేసి రిటైరయిన ఇంజనీరు. అమ్మాయి డిగ్రీ కాలేజీలో చరిత్ర లెక్చరర్. ఇద్దరూ రామేశ్వరం యాత్రకు వెళ్లి, ధనుష్కోటిలో 1964 తుపానుకు పోయిన రైల్వే స్టేషన్ శిథిలాలు చూసి వచ్చారు. అక్కడికి మళ్లీ రైలు వెయ్యాలా వద్దా అన్నదగ్గర మాట తేడా వచ్చింది.)

అమ్మాయి: నాకొకటి అర్థం కావడం లేదు బాబాయ్. 1964 డిసెంబరు తుపానుకు ధనుష్కోటి స్టేషన్ పోయింది, నిజమే. అదే తుపానుకు పాంబన్ వంతెన కూడా పోయింది కదా! దాన్ని 46 రోజుల్లో నిలబెట్టారు. సముద్రం మీద రెండు కిలోమీటర్ల వంతెన లేపినవాళ్లకు ఇసుక మీద పట్టాలు వెయ్యడం చేతకాదా? అరవై ఏళ్లయినా అక్కడికి రైలు వెళ్లలేదంటే ఆ పాపం తుపానుది కాదు, మనది. ఇప్పటికైనా వెయ్యాలి.

బాబాయి: వెయ్యకూడదంటాను నేను. వంతెన మాట ఎత్తావు కాబట్టి అక్కడే మొదలుపెడదాం. ఆ పని మీద పంపించింది రైల్వే ఇంజనీరు ఇ. శ్రీధరన్‌ను. అప్పటికి ఆయనకు ముప్పై రెండేళ్లు. నూటికి పైగా గర్డర్లు సముద్రంలో పడిపోయాయి. ఓడలకు దారిచ్చే షెర్జర్ స్పాన్ మాత్రం నిలిచింది. కొత్త గర్డర్లు చేయించి తెప్పించాలంటే నెలలు పడుతుంది. ఆయన పడిపోయినవాటినే నీళ్లలో వెతికించి, పైకి లాగించి, మళ్లీ స్తంభాల మీదికెక్కించాడు. అంత ఆరాటం ఎందుకు? వంతెన లేకపోతే రామేశ్వరం ద్వీపానికి అప్పట్లో పడవ తప్ప వేరే దారి లేదు. రోడ్డు వంతెన వచ్చింది 1988లో. వంతెన అవతల గుడి ఉంది, ఊరుంది, రోజూ వచ్చిపోయే జనం ఉన్నారు. ధనుష్కోటి లైను చివర అప్పటికి ఏం మిగిలింది? ఇసుక.

అమ్మాయి: అవతల ఒక దేశం ఉంది బాబాయ్! ఆ మాట మర్చిపోయాం కాబట్టే మనకు ఇసుక ఒక్కటే కనిపిస్తోంది. పాంబన్ దగ్గర లైను రెండుగా చీలేది. ఒకటి రామేశ్వరానికి, ఒకటి ధనుష్కోటికి. అందులో మెయిన్ లైను ధనుష్కోటిది, బ్రాంచి లైను రామేశ్వరానిది. ఇవాళ రామేశ్వరం రైలెక్కే మనవాళ్లలో ఎంతమందికి తెలుసు ఆ సంగతి? వంతెన రాకముందు సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక, వెళ్లాలంటే తూత్తుకుడి దాకా రైల్లో పోయి, అక్కడ స్టీమరెక్కి కొలంబోకు రాత్రంతా సముద్రం మీద పోవాలి. 1914 ఫిబ్రవరిలో పాంబన్ వంతెన తెరిచాక ఆ దూరం తగ్గిపోయింది. ధనుష్కోటి రేవునుంచి తలైమన్నారుకు 35 కిలోమీటర్లు. ఎగ్మూరులో కొన్న ఒక్క టికెట్టు మీద రైలు, స్టీమరు, మళ్లీ రైలు. కొలంబో దాకా చీటీ మార్చే పనే లేదు. జనం దానికి పెట్టుకున్న ‘బోట్ మెయిల్’ అన్న పేరు చెన్నై–రామేశ్వరం రైలుకు ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒక పల్లెలో కస్టమ్స్ ఆఫీసు, పోస్టాఫీసు, చర్చి, బడి, రైల్వే క్వార్టర్లు అన్నీ వెలిసింది ఆ స్టేషన్ వల్లే.

బాబాయి: నువ్వు చెప్పినదాంట్లోనే నా జవాబు ఉంది. అది ఒంటరి స్టేషన్ కాదు, జంటలో ఒక సగం. రెండో సగం తలైమన్నారు రేవు. మధ్యలో స్టీమరు. ఆ మూడూ కలిస్తేనే స్టేషన్. తుపాను తర్వాత స్టీమరు ఆగిపోలేదు, రామేశ్వరానికి మారింది. ధనుష్కోటి చేసే పని రామేశ్వరం చేసింది. ఆ తర్వాత, 1980లలో, శ్రీలంకలో గొడవలు ముదిరి ఆ ఓడ కూడా ఆగిపోయింది. కాబట్టి స్టేషన్‌ను కూల్చింది తుపానే అయినా, మళ్లీ లేవకుండా చేసింది మాత్రం పని లేకపోవడం. రైల్వేలో మేం నేర్చుకున్న మొదటి సంగతి అది. బండి ఆగడానికి కారణం ఉన్నచోటే స్టేషన్ ఉంటుంది. కారణం పోయాక మిగిలేది గోడలే.

అమ్మాయి: కారణం అంటే నీ లెక్కలో టికెట్లు, సరుకు. నాకు ఇంకో లెక్క ఉంది. ఆ ప్లాట్‌ఫారం మీద నడిచినవాళ్లందరూ ఫస్టు క్లాసు దొరలు కారు. తేయాకు తోటలకు పోయిన కూలీలు నడిచారు. కంకాణీలు ఊరూరా తిరిగి అడ్వాన్సులిచ్చి పోగుచేసిన బీదజనం. దారిలో మండపం క్యాంపులో సిలోన్ ప్రభుత్వం వాళ్లను క్వారంటైన్‌లో ఉంచి, ఒళ్లు పరీక్షించి, జబ్బు లేదని తేలాకే ముందుకు పంపేది. ఒకే రైలు, ఒకే ఓడ అయినా, ఒకరికి అది విహారం, ఇంకొకరికి వలస. తరాల తరబడి అలా వెళ్లినవాళ్ల సంతానం గురించి 1964 అక్టోబరు 30న రెండు దేశాల ప్రధానులు సిరిమావో బండారనాయకే, లాల్ బహదూర్ శాస్త్రి ఒప్పందం చేసుకున్నారు. 5,25,000 మందిని భారతదేశం తీసుకోవాలన్నది అందులో ఒక మాట. దాని మీద రెండు నెలలు నిండకముందే తుపాను వచ్చింది. తాతలు ఓడెక్కిన రేవు, మనవలు తిరిగొచ్చేసరికి లేదు. వాళ్లు రామేశ్వరంలో దిగారు. ఇంత చరిత్ర ఉన్న చోటును పనిలేని స్టేషన్ అని నువ్వెలా కొట్టిపారేస్తావు?

బాబాయి: కొట్టిపారెయ్యడం లేదు తల్లీ. చరిత్ర ఉంది కాబట్టే దాని మీద కొత్త ప్లాట్‌ఫారం కట్టొద్దంటున్నాను. సరే, ఆ తుపాను రాత్రి సంగతి కూడా నువ్వే చెప్పు. అందరూ దాన్ని కథలా చెబుతారు, నాకు కథలా వినబడదు.

అమ్మాయి: 653 నంబరు పాసింజరు. డిసెంబరు 22 రాత్రి, పన్నెండు కావస్తుండగా పాంబన్‌లో బయల్దేరింది. 110 మంది ప్రయాణికులు, అయిదుగురు రైల్వే సిబ్బంది అని లెక్క. టికెట్ లేకుండా ఎక్కినవాళ్లు ఇంకెందరో అంటారు. ధనుష్కోటి దగ్గరపడ్డాక సిగ్నల్ పడలేదు. డ్రైవరు కాసేపు ఆగి, విజిల్ వేసి చూసి, చివరికి బండి కదిలించాడని చెబుతారు. ఉప్పెన వచ్చి బండి మొత్తాన్ని ముంచేసింది. ఒక్కరూ మిగల్లేదు. మన సావిత్రి, జెమినీ గణేశన్ అదే సమయంలో యాత్రకు వచ్చి, రామేశ్వరంలో ఉండబట్టి ప్రాణాలతో బయటపడ్డారు. తెల్లారేసరికి ధనుష్కోటి అన్న ఊరు లేదు. ప్రభుత్వం అది మనుషులు బతకడానికి పనికిరాని చోటని ప్రకటించి చేతులు దులుపుకుంది. అదే నా బాధ. 1977 నవంబరు 19న మన దివిసీమలో వచ్చిందీ ఉప్పెనే. పదివేల మందికి పైగా పోయారు. దివిసీమను వదిలేశామా? మళ్లీ ఇళ్లు కట్టాం, తుపాను షెల్టర్లు కట్టాం, నాగాయలంక, కోడూరు పొలాల్లో మళ్లీ నాట్లు వేశాం. సముద్రానికి భయపడి ఊళ్లు వదిలేసుకుంటూ పోతే ఈ తూర్పు తీరంలో ఊరన్నదే ఉండదు.

బాబాయి: దివిసీమ వెనక కృష్ణా డెల్టా మొత్తం ఉంది. అక్కడివాడి పొలం అక్కడే ఉంది, వాడు ఎక్కడికి పోతాడు? ధనుష్కోటి ఒక ఇసుక నాలుక. ఒకపక్క పాక్ జలసంధి, ఒకపక్క మన్నార్ సింధుశాఖ. కొన్నిచోట్ల వెడల్పు కిలోమీటరు కూడా లేదు. ఉప్పెన వస్తే వెనక్కి పరుగెత్తడానికి వెనక అంటూ లేదక్కడ. ఇక 653 మాటకొస్తే, మేమెవరం ఆ డ్రైవరును తప్పుపట్టం. సిగ్నల్ పడని బండి చీకట్లో, గాలివానలో నిలబడి ఉంటే లోపలివాళ్ల పరిస్థితి ఏమిటో, ముందుకు పోతే ఏమిటో తేల్చుకోవాల్సింది ఆ ఒక్కడే. ముందు పట్టా ఉందో లేదో వాడికి తెలియదు. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున మన వలిగొండ దగ్గర డెల్టా పాసింజరుకు జరిగిందీ అదే. చెరువు తెగి నీళ్లు గట్టును కోసేశాయి. రేపల్లెనుంచి సికింద్రాబాదుకు నిద్రలో పోతున్నవాళ్లు వందమందికి పైగా పోయారు. అక్కడ సముద్రం లేదు, తుపాను లేదు. ఒక్క చెరువుకే అంత జరిగితే, రెండు సముద్రాల మధ్య గట్టు పోసి రోజూ బండ్లు తిప్పుతావా?

అమ్మాయి: వలిగొండ జరిగిందని ఆ లైను మూసేశారా? బాగుచేసి నడుపుతున్నారు. పాంబన్ పాత వంతెన మీద గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ దానంతటదే ఎర్రబడే ఏర్పాటు చేశారు. తుపాను వస్తోందని వాతావరణ శాఖ ఇప్పుడు రోజుల ముందే చెబుతోంది. 1964లో ఉపగ్రహాల హెచ్చరికలు లేవు, ఇప్పుడున్నాయి. 2025 ఏప్రిల్ 6న కొత్త పాంబన్ వంతెన తెరిచారు. ఓడ వస్తే 72.5 మీటర్ల స్పాన్ నిలువుగా పైకి లేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఊచలు వాడారు, ఉప్పుగాలికి తట్టుకునే రంగు వేశారు. అంత చెయ్యగలిగినవాళ్లు రామేశ్వరంనుంచి ఇంకో 17 కిలోమీటర్లు వెయ్యలేరా?

బాబాయి: వెయ్యలేరని నేననలేదు. వేసినదాన్ని కాపాడటం గురించి అంటున్నాను. తీరం పక్క సెక్షన్లో నేను చేశాను కాబట్టి ఒకటి చెబుతాను విను. పట్టా నెత్తి ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది, రోజూ చక్రాలు రాస్తుంటాయి కాబట్టి. చూసినవాడు ఎంత శుభ్రంగా ఉందో అనుకుంటాడు. క్లిప్పు ఊడదీసి, దాని కింద లైనరు తీసి చూడాలి. పట్టా పాదం అంచు చెదపట్టిన దూలంలా పెచ్చులు పెచ్చులుగా వేలికే ఊడొస్తుంది. ఉప్పుతేమ ఆ సందులో దూరి కూర్చుంటుంది, ఎండకు ఆరదు, వానకు కడగబడదు. పట్టా విరిగేది అక్కడే. అందుకే పట్టాలు చూసుకునే కీమ్యాన్ రోజూ సుత్తీ పానా పట్టుకుని తన బీటు మొత్తం నడుస్తాడు. ధనుష్కోటిలో దానికితోడు ఇసుక. గాలికి ఇసుక వచ్చి కంకర సందుల్లో నిండుతుంది. కంకర పని బరువును పంచడం, నీటిని పోనివ్వడం. ఇసుక నిండితే రెండూ చెయ్యదు. ఈ కష్టమంతా పడదాం, పడకూడదని కాదు. కానీ దేనికోసం? ఆ కీమ్యాన్ ఎండలో, ఉప్పులో ఒళ్లు అరగదీసుకునేది సెల్ఫీ తీసుకుని గంటలో తిరిగొచ్చేవాళ్ల కోసమా?

అమ్మాయి: సెల్ఫీ తీసుకునేవాళ్లు ఇప్పుడు పోవడం లేదా? 2017లో అరిచల్‌మునై దాకా రోడ్డు వేశారు. అంతకుముందు ముకుందరాయర్ చత్రం దగ్గర దిగి, ఇసుకలో, నీళ్లలో వ్యాన్లలో పోవాల్సొచ్చేది. ఇప్పుడు కార్లు, బస్సులు బారులు కట్టి నిలబడటం మనమే చూశాం కదా. ఆ పొగ, ఆ చెత్త కంటే ఒక రైలు నయం కాదా? మన యాత్రికుల సంగతి కూడా చూడు. సేతువు దగ్గర ఇసుక తీసుకుని కాశీలో గంగలో కలిపి, గంగనీళ్లు తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చెయ్యడం మన ఇళ్లలో తరాల ఆచారం. నానమ్మ వయసువాళ్లు ఆ ఎండలో ఆటో బేరమాడుకుంటూ తిరుగుతున్నారు. వాళ్లకు రైలు అక్కర్లేదా?

బాబాయి: నానమ్మకు కావలసింది నీడ, మంచినీళ్లు, న్యాయమైన ధరకు ఒక ప్రభుత్వ బస్సు. ఇంకా ఎక్కువ నడపమని అడుగుదాం, నేనూ సంతకం పెడతాను. రైలు వచ్చినంతమాత్రాన కార్లు తగ్గవు, రైలు జనం వాటికి తోడవుతారు. 2019 మార్చిలో ప్రధాని ఆ 17 కిలోమీటర్లకు శంకుస్థాపన చేశారు. తమిళనాడు ప్రభుత్వం పర్యావరణం దెబ్బతింటుందని ఒప్పుకోలేదు, పని ఆగిపోయింది. ఆ అభ్యంతరం ఉత్తిది కాదు. చలికాలంలో ఫ్లెమింగోలు దిగేది ఆ మడుగుల్లోనే. 2025 జూన్‌లో అక్కడ 500 హెక్టార్లకు పైగా నేలను ఫ్లెమింగో అభయారణ్యంగా ప్రకటించారు. తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డు అది. తారు రోడ్డు నేల మీద పరుచుకుంటుంది. బ్రాడ్‌గేజికి గట్టు కావాలి, గట్టుకు తూములు కావాలి. అటు నీళ్లు ఇటు, ఇటు నీళ్లు అటు తిరగడం వల్ల బతికే మడుగుల మధ్య అడ్డుగోడ కట్టినట్టే.

అమ్మాయి: పక్షుల గురించి చెప్పావు. మనుషుల గురించి చెప్పలేదు. పనికిరాని చోటని ప్రభుత్వం అన్నా, జాలర్లు వదల్లేదు. తాటాకు గుడిసెలు వేసుకుని అక్కడే బతుకుతున్నారు. వాళ్ల పిల్లలకు బడి, రోగానికి ఆసుపత్రి అందాలంటే రైలే మార్గం కాదా? 1964కు ముందు వాళ్ల ఊరికి రైలుంది. ఇవాళ మనం వాళ్లకు అడుగుతున్నది కొత్త వరం కాదు, పోయిన హక్కు.

బాబాయి: ఆ మాట నన్ను ఆలోచింపజేస్తోంది. కానీ హక్కుల వరసలో రైలు ముందుందా? ఊరికి కరెంటు, మంచినీళ్లు, రాత్రిపూట కూడా పలికే వైద్యుడు, తుపానుకు తలదాచుకునే గట్టి కట్టడం. ఇవి కావాలంటే రైలు రానక్కర్లేదు. రోడ్డు వచ్చి ఇన్నేళ్లయింది, రోడ్డు మీద వీటిలో ఏది ఎంత వచ్చిందో చూశావుగా. స్టేషన్ కడితే దాని చుట్టూ హోటళ్లు, పార్కింగు వస్తాయి. అప్పుడు ఆ గుడిసెలను ఆక్రమణలంటారు. పాత స్టేషన్ ఊరిని తెచ్చింది, కొత్త స్టేషన్ ఊరిని వెళ్లగొడుతుంది. ఇంకొక మాట. నీ తేయాకు కూలీలు నడిచిన చోటని చెప్పుకోవడానికి ఇప్పుడక్కడున్న ఆనవాళ్లు ఆ మొండిగోడలు, ఆ నీళ్ల ట్యాంకు దిమ్మెలే. కొత్త యార్డు వేస్తే ముందు పోయేవి అవే. చరిత్ర లెక్చరర్‌వి, నువ్వే చెప్పు.

అమ్మాయి: అది నిజమే. శిథిలాల మీద పట్టాలు వెయ్యాలని నేనెప్పుడూ అనను. కానీ నువ్వొక మాట అన్నావు కదా, ఆ స్టేషన్ జంటలో సగమని. రెండో సగం సంగతి నీకు తెలుసా? శ్రీలంక అంతర్యుద్ధంలో పాడైపోయిన తలైమన్నారు లైనును మన ఇర్కాన్ కంపెనీయే మళ్లీ వేసింది. 2015 మార్చి 14న భారత ప్రధాని అక్కడికి వెళ్లి రైలుకు జెండా ఊపారు. తలైమన్నారు పియర్ స్టేషన్‌కు మళ్లీ రైలు వచ్చింది. ఒడ్డున పట్టాలు ఆగిపోయిన చోటునుంచి చూస్తే ఎదురుగా సముద్రం. అవతలి ఒడ్డు లేదంటున్నావు, అవతలి ఒడ్డు ముందే సిద్ధమైంది. సిద్ధం కానిది మన ఒడ్డు.

బాబాయి: ఇది నువ్వు మొదటే చెప్పాల్సింది. ఇంతసేపూ నువ్వు జ్ఞాపకం కోసం రైలు అడుగుతున్నావనుకున్నాను. ప్రయాణం కోసం అడుగుతున్నావంటే అది వేరే సంగతి. అటునుంచి మనిషి దిగుతాడంటే, ఇటునుంచి మనిషి ఎక్కుతాడంటే, స్టేషన్‌కు కారణం పుట్టినట్టే. అది నేను కాదనలేను. అయితే ఆ కారణం పుట్టేది పట్టాలతో కాదు, పడవతో. 2023 అక్టోబరులో నాగపట్నంనుంచి కంకేసన్‌తురైకి ఓడ మొదలుపెట్టారు. అలాంటిదే రామేశ్వరంనుంచి తలైమన్నారుకు నడపమను. 1964 తర్వాత అక్కడినుంచే నడిచింది కదా. రామేశ్వరం స్టేషన్ ఉంది, దానికి కొత్త వంతెన ఉంది. ధనుష్కోటి దాకా గట్టు పొయ్యకుండానే కొలంబో టికెట్టు ఇవ్వొచ్చు.

అమ్మాయి: అంటే బోట్ మెయిల్ కావాలి, ధనుష్కోటి అక్కర్లేదంటావు.

బాబాయి: ధనుష్కోటి కావాలి, ధనుష్కోటిగానే కావాలి. ఆ గోడలను పురావస్తువులుగా కాపాడాలి. 653 బండి ఎక్కడ మునిగిందో, అందులో ఎవరు పోయారో అక్కడికొచ్చే ప్రతివాడూ చదివేలా రాయించాలి. పోయినవాళ్లలో మా రైల్వేవాళ్లు అయిదుగురున్నారు. డ్యూటీలో చనిపోయినవాళ్లకు మేం చెయ్యాల్సింది ఇంకా ఉందని నమ్ముతాను. తమిళం, సింహళం, తెలుగు, హిందీ, అన్నిటిలో ఉండాలి ఆ రాత. మండపం క్యాంపు కథ కూడా ఉండాలి. నువ్వు చెప్పకపోతే నాకూ ఆ కోణం తట్టేది కాదు.

అమ్మాయి: నేను పూర్తిగా ఒప్పుకోలేదు బాబాయ్. పడవ మొదలై, జనం పెరిగి, రామేశ్వరం రేవు చాలని రోజు వస్తే ధనుష్కోటి లైను మాట మళ్లీ ఎత్తుతాను. అప్పుడు ఫ్లెమింగోల మడుగులు తప్పించి గట్టు లేకుండా స్తంభాల మీద వెయ్యమంటాను. నువ్వు ఖర్చు లెక్క చూపిస్తావు, నేను ఒప్పుకోను. అయితే ఒకటి మార్చుకున్నాను. ఇన్నాళ్లూ ఆ ఊరికి జరిగిన అన్యాయానికి మందు రైలే అనుకున్నాను. రైలు కంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి, అక్కడున్న జాలర్లకు నీళ్లు, కరెంటు, వైద్యం, తుపాను షెల్టరు, ఆ నేల మీద వాళ్లకు కాగితం. రెండోది, రామేశ్వరం–తలైమన్నారు ఓడ. ఇవి రెండూ అడగకుండా స్టేషన్ ఒక్కటే అడిగితే, మనం అడిగేది మన సరదా అవుతుంది.

బాబాయి: నేనూ ఒకటి మార్చుకున్నాను. మూసిన స్టేషన్‌ను మూసినట్టే వదిలెయ్యాలని వచ్చాను. వదిలెయ్యకూడదు. పట్టాలు వెయ్యకపోవడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. అరవై ఏళ్లుగా మనం రెండోది చేస్తూ మొదటిదని చెప్పుకుంటున్నాం. అర్జీ నువ్వు రాయి తల్లీ. ఓడ సంగతి ముందు పెట్టు, జాలర్ల సంగతి దానికంటే ముందు పెట్టు. రైలు మాట రాయకపోతేనే సంతకం చేస్తాను.

అమ్మాయి: రైలు మాట చివర్లో ఒక వాక్యం రాస్తాను. ‘అవసరం తేలినప్పుడు పరిశీలించాలి’ అని.

బాబాయి: ‘ఆ నేల ఓర్చుకుంటుందని తేలితేనే’ అని కూడా చేర్చు. అప్పుడు పెడతాను.